మురుగుకు ముడిసరుకు

గెడ్డపేట పురపాలక సంఘంలో పారిశుద్ధ్య విభాగం గుమాస్తాగా నాకు పద్దెనిమిదేళ్ళ సర్వీసు. ఇన్నేళ్ళలో నేను రాసిన నోటీసులన్నీ ఒకచోట కుప్ప పోస్తే మా ఊరి చెత్త యార్డు చిన్నబోతుంది. ఊరు మాత్రం నేను ఉద్యోగంలో చేరిన రోజు ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది. అందులో నా తప్పేమీ లేదు. శుభ్రం చెయ్యమని రాయడం నా ఉద్యోగం. శుభ్రం చెయ్యడం ఎవరి ఉద్యోగమో మా ఆఫీసులో ఇంకా తేలలేదు.

ఆ ఏడాది హేమసుందర్ గారని కొత్త కమిషనర్ వచ్చారు. మనిషి మంచివారే. ఎటొచ్చీ, వస్తూ వస్తూ మూడు రోజుల శిక్షణ పొంది వచ్చారు. మూడు నెలల శిక్షణ అయితే విసుగొచ్చి మర్చిపోతారు. మూడు రోజులదైతే ఉత్సాహం చెక్కుచెదరదు. దానికి తోడు పట్టణాల పరిశుభ్రత పోటీ అని ఒకటి పెట్టి, పైనుంచి ఒక ఉత్తర్వు పంపారు. ఏ వ్యాపార సంస్థా తన మలిన జలమును శుద్ధి చేయకుండా బహిరంగ ప్రదేశములోనికి వదలరాదనీ, ముప్పై దినములలో శుద్ధి ఏర్పాటు చేసి ధ్రువపత్రము సమర్పించని పక్షమున సదరు సంస్థకు సీలు వేయబడుననీ దాని సారాంశం.

కాలువలున్న వీధుల్లో కొట్లవాళ్ళు నీళ్ళు కాలువలోకే వదులుతారు. కాలువ బహిరంగ ప్రదేశం కాదని మేం తీర్మానించుకున్నాం. మిగిలింది కొత్తవీధి. అక్కడ కాలువ పదకొండేళ్ళ కిందటే తవ్వి, గట్లు కట్టి, పని పూర్తయినట్టు మా రికార్డుల్లో ఉంది. వీధిలో లేదు. రికార్డులో ఉన్న కాలువలోకి నీళ్ళు వదలడం ఆ వీధిలో టిఫిను కొట్టు నడిపే అసిరమ్మకు చేతకాలేదు. పాపం, ఆవిడ రోడ్డు మీదికే వదిలేది. కనుక ఊరు మొత్తానికీ దొరికిన నేరస్థురాలు ఆవిడ ఒక్కతే.

ఆ వీధివాళ్ళందరికీ ఆవిడ అప్ప. మొగుడు పోయిన ఏడాది రెండు ఇడ్లీ రేకులతో మొదలుపెట్టిన కొట్టు. ఇరవై ఏళ్ళయింది. ఆవిడ ఇడ్లీ, బొంబాయి చట్నీ తినకుండా నేను ఆఫీసుకు వెళ్ళిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నోటీసు నేనే రాసి, సంతకం పెట్టించి, ముద్ర వేసి, ఎలాగూ టిఫిను వేళయింది కదా అని నేనే పట్టుకెళ్ళాను.

"అప్పా, నీకు నోటీసొచ్చింది."

"నాకు సదువొస్తాదేటి బాబూ? మీరే సదవండి."

ఇడ్లీ తింటూనే చదివాను. ఆవిడ రేకులు దింపుతూ విన్నది.

"ఎవులు రాసినారు బాబూ ఇది?"

"నేనే."

"మరి ఆ నీరు మీరు తిన్న పళ్ళెం కడిగిన నీరే కదేటి?"

నేను తల మాత్రం ఊపాను. నోట్లో ఇడ్లీ ఉంది.

ఇంకొకరైతే ఎమ్మెల్యే ఇంటికి పరిగెత్తేవారు. అసిరమ్మ తమ్ముడు కూర్మారావుకి కబురు పెట్టింది. అతను ప్లంబరు.

"మా అమ్మోలింట నూతి గట్టు కాడ అరిటి సెట్టూ, సేమ మొక్కలూ ఉండీవి," అంది అసిరమ్మ. "అంట్లు తోమిన నీరంతా ఆటికే ఎల్లీది. అవతలకి సుక్క దాటీది కాదు. అలగ సేద్దారంటే ఇక్కడ మట్టేదిరా? అంతా సిమెంటే."

"మట్టెందుకప్పా? పట్నంలో మేడ మీద పైపుల్లో ఆకుకూరలు పెంచుతారు. నానే బిగించినాను. ఏర్లకి నీరు తగిల్తే సాలు."

కొట్టు పక్కన రెండు మంచాలు పట్టేంత జాగా ఉంది. అక్కడే మొదలుపెట్టారు. అంట్ల నీళ్ళు ముందు ఒక నీలం డ్రమ్ములో పడతాయి. దాన్నిండా కొబ్బరిపీచు. నూనె జిడ్డూ, మెతుకులూ అక్కడ ఆగిపోతాయి. తర్వాత కంకర నింపిన డ్రమ్ము. దాన్నుంచి గోడకి మెట్లు మెట్లుగా కట్టిన లావుపాటి పైపులు. పైపులకి బెజ్జాలు, బెజ్జాల్లో చిల్లుల గ్లాసులు, గ్లాసుల్లో గులకరాళ్ళు, రాళ్ళ మధ్య చెరువు గట్టున పీక్కొచ్చిన మెట్టతామర, తుంగ, చేమ మొక్కలు. నీళ్ళు వేర్లని ఒరుసుకుంటూ పై పైపు నుంచి కింది పైపుకి దిగి చివర బక్కెట్లో పడతాయి. మొదటి వారం మొక్కలన్నీ మాడిపోయాయి. అసిరమ్మ ఒక పూటంతా వాటి ముందు గొంతుక్కూర్చుని ఆలోచించింది. అంట్లు తోమే పౌడరు ఘాటు అని కనిపెట్టింది. పౌడరు మానేసి బూడిదా చింతపండూ పట్టింది. మళ్ళీ మొక్కలు తెచ్చి నాటింది. ఇరవయ్యో రోజుకి బక్కెట్ అడుగున అచ్చువేసిన కంపెనీ పేరు నీళ్ళలోంచి చదవగలిగాం.

తాగడానికి కాదు గాని, ఆ నీళ్ళే వాకిట్లో దుమ్ము లేవకుండా చల్లుకునేది. రోడ్డు మీద బురద ఎండిపోయింది. రోజూ ఆ బురదగుంటలో పడుకునే గేదె రెండు రోజులు వచ్చి చూసి, బెంగపడి పక్క వీధికి వెళ్ళిపోయింది.

ఇక్కడితో కథ అయిపోవాలి. వేరే ఊళ్ళో అయితే అయిపోయేదేమో.

ధ్రువపత్రం కావాలంటే నీళ్ళ నమూనా జిల్లా ప్రయోగశాలకు వెళ్ళాలి. మా శానిటరీ ఇన్‌స్పెక్టర్ జోగినాథం గారు వచ్చి, బక్కెట్లోంచి ఒక సీసా నింపి, మీద 'మురుగునీటి నమూనా' అని చీటీ అంటించి పంపారు. రెండు రోజుల్లో జవాబొచ్చింది. "మీరు పంపినది మురుగునీరు కాదు. పొరపాటున వేరే నీరు పంపినట్లున్నారు. మురుగునీటి నమూనా పంపగలరు."

సరే అని ఈసారి మొదటి డ్రమ్ములోంచి అంట్ల నీళ్ళు పంపారు. జవాబొచ్చింది. "ఇది మురుగునీరే. బహిరంగ ప్రదేశములోనికి వదలుటకు అనర్హము."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. గడువు ఇంకా నాలుగు రోజులుంది. రెండు సీసాలూ కలిపి పంపుదామన్నాను.

"కుదర్దండీ," అన్నారు జోగినాథం గారు. "ఒక సంస్థకి ఒకే నమూనా. ఫారంలో ఒకే గడి ఉంది." కాసేపు మీసం దువ్వుకున్నారు. "అయినా ఎందుకూ? రెండూ సగం సగం కలిపేసి ఒకే సీసాలో పంపుదాం."

అసిరమ్మ నోరు తెరిచి చూస్తుండిపోయింది. శుభ్రమైన నీళ్ళలో ఎంగిలి నీళ్ళు కలిపి, సీసా ఊపి, మూత బిగించి పంపారు. అది పాసయింది. మురుగే గాని అనుమతించదగిన మురుగు అని ముద్ర వేసి ధ్రువపత్రం ఇచ్చారు. అడుగున చిన్న అక్షరాల్లో ఒక షరతు: నీటి నాణ్యత ఈ పత్రములో చూపిన దానికి భిన్నముగా ఉండరాదు.

"అంటే ఏటి బాబూ?"

"అంటే, రోజూ ఇంతే మురికిగా ఉండాలప్పా. ఇంతకంటే శుభ్రంగా ఉంటే పత్రం చెల్లదు."

"ఓలమ్మో! సుబ్బరం సేసిన నీట్లో మళ్ళా ఎంగిలి కలపాలేటి? నా సేతుల్తో నాను సెయ్యను."

చెయ్యనవసరం లేకుండా కూర్మారావు ఒక ఉపాయం చేశాడు. ఆ పాసయిన నీళ్ళే ఒక బిందెడు కలిపి, మూతపెట్టి, పైపుల కింద దాచాడు. నెల నెలా సీసా అందులోంచే నింపుకోమని జోగినాథం గారికి చూపించాడు. ఆయనకీ బాగుంది. నీళ్ళ నాణ్యతలో ఇంత నిలకడ ఆయన సర్వీసులో చూడలేదట.

కొట్టు నిలబడింది. అసిరమ్మ నాకు ఆ పూట ఒక గారె ఎక్కువ వేసింది. నా నోటీసు వల్ల ఒక మంచి పని జరిగిందని నేను కూడా కాస్త మురిసిపోయాను. దిష్టి తగిలిందేమో, మర్నాడే కమిషనర్ గారు చూడ్డానికొచ్చారు.

పైపుల ముందు నిలబడి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మాట్లాడారు. తర్వాత ఆపలేదు. "వండర్‌ఫుల్! ఇది మామూలు డ్రమ్ములు కాదు జోగినాథం గారూ, ఇది ఒక మోడల్! దీన్ని మనం అడాప్ట్ చేసుకోవాలి. ముందు దీనికి ఒక ఐడెంటిటీ ఇవ్వాలి!"

ఐడెంటిటీ పన్నెండడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు వచ్చింది. మంచి ఇనప రేకు బోర్డు. దాని మీద 'మృత్తికారహిత వృక్షాధారిత మలినజల సంస్కరణ ఆదర్శ కేంద్రము' అని రాయించి, కింద అంతకంటే లావుగా కమిషనర్ గారి పేరు రాయించారు. కొట్టు మీదికి ఎత్తితే గుమ్మం సగం మూసుకుపోయింది. కొబ్బరికాయ కొట్టారు. మొక్కలు నలభై రెండూ స్టాకు రిజిస్టరుకి ఎక్కాయి. ఒక్కోదాని మెడలో ఒక నంబరు బిళ్ళ వేలాడదీశారు. మూడో రోజున పదిహేడో నంబరు మెట్టతామర అనుమతి లేకుండా వాడిపోయినందుకు సంజాయిషీ కోరుతూ అసిరమ్మకి మెమో కూడా వెళ్ళింది. నేనే రాశాను.

అసలు దెబ్బ అది కాదు. బోర్డు లేనంతవరకూ అవి డ్రమ్ములు. బోర్డు పెట్టాక కేంద్రం. కేంద్రమన్నాక దానికి నిబంధనలుంటాయి. జోగినాథం గారు బీరువాలోంచి నిబంధనల పుస్తకం దుమ్ము దులిపి తీశారు. ఇరవై రెండో పేజీలో దొరికింది. 'మురుగు శుద్ధి కేంద్రమునకు యాభై అడుగుల లోపు ఆహార పదార్థములు తయారు చేయరాదు.'

టేపు పెట్టి కొలిచారు. కేంద్రానికీ ఇడ్లీ పొయ్యికీ మధ్య ఆరడుగుల నాలుగంగుళాలు వచ్చింది.

"పోనీ కేంద్రాన్ని జరపొచ్చు కదా సార్?" అన్నాను.

"కేంద్రం ప్రభుత్వ ఆస్తి. రిజిస్టరుకెక్కింది," అన్నారు కమిషనర్ గారు బాధగానే. "ప్రైవేటు యాక్టివిటీ కోసం పబ్లిక్ అసెట్‌ని డిస్టర్బ్ చెయ్యలేం."

కొట్టుకి సీలు వేశారు. లక్క కరిగించి ముద్ర నొక్కుతుంటే అసిరమ్మ పక్కనే నిలబడింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"నీరు సుబ్బరం సెయ్యకపోతే మూసేత్తామన్నారు. సేసినాను. సేసినందుకు మూసేత్తన్నారు. మరి నానేటి సేసుంటే మూయకుండా ఉందురు, అది సెప్పండి బాబూ."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఆ మందు వేసిన చెయ్యి నాది. నేను తల దించుకుని ఆఫీసుకి పోయాను. ఆ వారమంతా ఆఫీసు క్యాంటీన్లో తిన్నాను. అక్కడి ఇడ్లీ కొరికినప్పుడల్లా నేను చేసిన పాపం పంటికింద తగిలింది.

ఐదో రోజుకి ఆదర్శ కేంద్రం పసుపు పచ్చగా అయింది. కొట్టు మూసేశాక అంట్లు లేవు. అంట్లు లేకపోతే మురుగు లేదు. మురుగు లేక మొక్కలు ఎండుతున్నాయి. సరిగ్గా అప్పుడే కబురొచ్చింది, పోటీ న్యాయనిర్ణేతల బృందం ఎనిమిది రోజుల్లో వస్తోందని, ముఖ్యంగా ఈ కేంద్రమే చూస్తుందని.

కమిషనర్ గారు అత్యవసర సమావేశం పెట్టారు. అజెండాలో ఒకే అంశం, మురుగు కొరత.

మా ఊళ్ళో ఆ మాట వింటామని ఎవరైనా అనుకున్నారా! ఏ సందులో కాలు పెట్టినా చీలమండ దాకా దిగే ఊరు. పెద్ద కాలువలోంచి ఒక ట్యాంకరు మురుగు తోడించి తెచ్చి డ్రమ్ములో పోశారు. సాయంత్రానికి పదకొండు మొక్కలు చచ్చాయి. వీధి వీధంతా ముక్కులు మూసుకుంది. గేదె మాత్రం తిరిగొచ్చింది.

కూర్మారావుని పిలిపించి అడిగారు.

"మరేటి సేత్తాయండి ఆ మొక్కలు?" అన్నాడతను. "ఇడ్లీ పిండి కడుగుకీ, బూడిద నీటికీ అలవాటు పడ్డాయి. ఆటికి మీ కాలవ నీరు పడదు. మా అప్ప అంట్ల నీరే కావాల."

"అంటే క్వాలిటీ మురుగు కావాలి," అన్నారు కమిషనర్ గారు. గదిలో అందరూ తలలు ఊపారు. అది ఎక్కడ దొరుకుతుందో ఎవరికీ తెలియలేదు.

నాకు తెలుసు. నాకు తెలిసిన విద్య ఒక్కటే, నోటు రాయడం. ఆ మధ్యాహ్నం తలుపేసుకుని రాశాను. పద్దెనిమిదేళ్ళలో ఇంత శ్రద్ధగా ఎప్పుడూ రాయలేదు.

"విషయము: ఆదర్శ కేంద్రమునకు నాణ్యమైన మురుగు సరఫరా గురించి. సదరు మురుగు, మురికి పళ్ళెములను కడుగుట వలన మాత్రమే లభించును. పళ్ళెములు మురికి అగుటకు ఇడ్లీ, చట్నీ, సాంబారు వగైరా ముడిసరుకులు అవసరము. సదరు ముడిసరుకులను పళ్ళెములపై వేసి, పిమ్మట తొలగించవలెను. తొలగించుటకు అనుభవజ్ఞులైన ప్రజలు కొత్తవీధి పరిసరములలో లభ్యమగుదురు. కావున సదరు స్థలమున తయారగునది ఆహారము కాదు, మురుగు. యాభై అడుగుల నిబంధన ఆహారమునకు మాత్రమే గాన, మురుగు తయారీకి అడ్డు రాదని మనవి."

కమిషనర్ గారు రెండుసార్లు చదివారు. కుర్చీలోంచి లేచారు. "బ్రిలియంట్! దీన్నే బ్యాక్‌వర్డ్ లింకేజ్ అంటారు. మాకు ట్రైనింగ్‌లో రెండో రోజు చెప్పారు!"

జోగినాథం గారికి ఒక్క సందేహం మిగిలింది. "మరి జనం వాటిని తింటారు కదండీ?"

"తినడం కాదు జోగినాథం గారూ. డిస్పోజల్."

మర్నాడు నేనే లైసెన్సు కాగితం పట్టుకుని వెళ్ళాను. జోగినాథం గారు సీలు విప్పుతున్నారు. అసిరమ్మ మొహం వెలిగింది. చదవమంది. చదివాను. 'పొట్నూరు అసిరమ్మ, మురుగునీటి ఉత్పత్తిదారు.' వెలిగిన మొహం అలాగే ఆరిపోయింది.

"ఇరవయ్యేళ్ళు బాబూ," అంది. "మూడు జాముల్నే లేసి, తలంటుకుని, పిండి ముట్టుకునీదాన్ని. నా కొట్లో ఇడ్లీ తిని ఒక్కడికి కడుపు నొప్పి రానేదు. సివరాకరికి నాను మురుగు సేసీదాన్నా? ఈ పేరు మీరే రాసినారా?"

"నేనే రాశానప్పా. కొట్టు తెరిపించడానికి ఇంకో దారి కనపడలేదు."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆవిడ కాగితం నా చేతిలోంచి తీసుకుని మడిచింది. తర్వాత కొంగు బిగించింది.

"సరే. కాయితం బీరువాలో ఉంటాది, ఎవులు సదువుతారు. పొయ్యి ఎలిగిత్తాను. గాని ఆ బోర్డు నా గుమ్మం మీద ఉండకూడదు. ఉంటే నాను ఎలిగించను."

గుమ్మం మీది బోర్డుకి అప్పుడే పెయింటరు నిచ్చెన వేసి, ఖాళీ చోట 'మురుగునీటి ఉత్పత్తి విభాగము' అని కొత్త వరస చేర్చి దిగాడు. జోగినాథం గారు లబోదిబోమన్నారు. "అధికారిక బోర్డు! ఆవరణలో ఉండి తీరాలి!"

నేను బోర్డు ఉత్తర్వు తీసి చూశాను. "'ఆవరణలో, ప్రజలకు అందుబాటులో ఏర్పాటు చేయవలెను' అని ఉంది సార్. ఎంత ఎత్తులో అని లేదు."

కూర్మారావు నా వంక చూశాడు. నేను డ్రమ్ముల వంక చూశాను. అతనికి అర్థమైంది. రంగు ఆరగానే బోర్డు దించి, ఈ చివరొక ఖాళీ డ్రమ్ము, ఆ చివరొక డ్రమ్ము, మధ్యలో ఒకటి పెట్టి, వాటి మీద పరిచి బిగించేశాడు. రాత పైకే ఉంది, ఎవరూ తప్పు పట్టడానికి లేదు. ఇన్నాళ్ళూ నిలబడి తిన్న జనం ఆ పూట నుంచి కూర్చుని తిన్నారు. మృత్తికారహితం మీద ఇద్దరు, మలినజలం మీద ముగ్గురు పట్టేవారు. వారం తిరక్కుండా మొక్కలు పచ్చబడ్డాయి.

బృందం వచ్చింది. నాయకుడు ఒక పెద్దాయన, కళ్ళజోడు, చేతిలో అట్ట. పైపులు చూశారు, వేర్లు ఎత్తి చూశారు, చివరి బక్కెట్లో అడుగున ఉన్న అక్షరాలు చదివారు. తర్వాత పొగలు కక్కుతున్న రేకుల వైపు తిరిగారు.

"అవేమిటి?"

"ముడిసరుకు సార్," అన్నారు కమిషనర్ గారు.

"దేనికి?"

"మురుగుకి సార్."

పెద్దాయన ఒకసారి వాసన పీల్చారు. పొద్దుటి నుంచి ఆయన నాలుగు ఊళ్ళు తిరిగొచ్చారు, ఎక్కడా మంచినీళ్ళు తప్ప ఇచ్చినవాళ్ళు లేరు. బోర్డు మీద ఒక చివర కూర్చున్నారు. అసిరమ్మ ఒక పళ్ళెం మురికి చేసి ఆయన చేతికిచ్చింది. ఆయన శుభ్రంగా తొలగించారు. ఇంకోటి ఇమ్మన్నారు. మూడోది అడగలేదు, ఆవిడే వేసింది. చెయ్యి కడుక్కుని సందర్శకుల పుస్తకం తెప్పించుకుని రాశారు.

"ఏటి రాసినారు బాబూ?" అని అసిరమ్మ నన్నడిగింది.

గట్టిగా చదివాను. "'ఇంత రుచికరమైన మురుగు రాష్ట్రంలో మరెక్కడా లేదు. మొదటి బహుమతికి సిఫార్సు చేస్తున్నాను.'"

అసిరమ్మ నవ్వింది. సీలు వేసిన నాటి నుంచి ఆవిడ నవ్వడం అదే మొదలు. జనం చప్పట్లు కొట్టారు. కమిషనర్ గారికి ఆనందంతో మాట రాలేదు, ఆకలి మాత్రం వచ్చింది. ఆయన ఇంతవరకూ ఆ కొట్లో తిన్నది లేదు. పళ్ళెం అందుకుని కూర్చోడానికి చోటు కోసం అటూ ఇటూ చూశారు. బోర్డంతా నిండిపోయింది. చివర, లావు అక్షరాలున్న చోట ఒకరికి మాత్రం ఖాళీ ఉంది. ఆయన ఆ అక్షరాల వంక చూసి ఆగిపోయారు.

"కూకోండి బాబూ," అంది అసిరమ్మ చట్నీ గరిటెతో ఆ చోటు చూపిస్తూ. "మీ పేరే కదేటి. మీరు కాక మరెవులు కూకుంటారు?"

ఆయన కూర్చున్నారు. మొదటి ఇడ్లీ తుంచి చట్నీలో ముంచి నోట్లో పెట్టుకున్నారు. కళ్ళు మూసుకుని నమిలారు. లేవకుండానే రెండో పళ్ళెం చెప్పారు.